నాణెంతో కొట్టి చూసిన కారు

ఏదీ, ఆ ఫొటో ఇంకోసారి చూపించు. కాస్త దూరంగా పట్టుకో తల్లీ, దగ్గరికి తెస్తే నాకు మసకే. ఊఁ. నాలుగు తలుపులు, నేలబారు ఒళ్ళు, వెనక రెండు పొగగొట్టాలు... నాలుగా? ఒక్క కారుకి నాలుగు గొట్టాలా! మన వంటింటికే ఒకటి లేదు. ఎన్నో చెయ్యి అన్నావు? మూడోదా. మొదటి కారే ఇలాంటిది కావాలా నీకు? నవ్వకు, ఎగతాళికి అనడం లేదు. మీ అమ్మకి చూపించావా? చూపిస్తే? లేచి లోపలికి వెళ్ళిపోయిందా. వెళ్ళిపోతుంది మరి. నీకెవరూ చెప్పలేదన్నమాట. మీ ఇంట్లో మొదటి కారు కొన్నది నువ్వు కాదమ్మాయ్, మీ తాత. అవును, మీ అమ్మ వాళ్ళ నాన్నే, మా బావ. అలా చూస్తావేం? సైకిలు పట్టుకుని నిలబడ్డ ఫొటో ఒక్కటే ఉందా మీ దగ్గర? కారు ఫొటో కూడా ఉండేది, మా అక్క చింపేసింది. అచ్చం ఇలాంటిదే, ముదురు నీలం. కూర్చో చెప్తాను. ఆ కుర్చీలో వద్దు, దాని కాలు ఊడింది. జన్మంతా కార్లకి సీట్లు కుట్టినవాడి ఇంట్లో వచ్చినవాళ్ళు కూర్చోడానికి ఒక్క కుర్చీ తిన్నగా లేదని మా ఆవిడ రోజూ అంటూనే ఉంటుంది, మంచం మీద కూర్చో.

మీ తాతని నువ్వు చూడలేదు. మీ అమ్మ పెళ్ళికి ముందే పోయాడు. వెల్డింగు మేస్త్రి. పేరు పెట్టి ఎవరూ పిలిచేవాళ్ళు కాదు, నున్నమేస్త్రి అనేవాళ్ళు. నున్నటి మనిషేం కాదులే, మొహమంతా నిప్పురవ్వల మచ్చలు. ఆయన అతికిన చోట అరచెయ్యి పెట్టి రాస్తే అతుకు తగిలేది కాదు, అందుకూ ఆ పేరు. మామూలు మేస్త్రులు ఏం చేస్తారంటే, రేకు అతికి, ఎగుడుదిగుళ్ళు కనపడకుండా పైన లప్పం మెత్తి, రంగు కొట్టేస్తారు. మా బావకి లప్పం అంటే అసహ్యం. 'లప్పం పెట్టేవాడు మేస్త్రి కాదురా, మొహానికి పౌడరు రాసేవాడు' అనేవాడు. ఎడమచేతి వాటం. అది గుర్తుపెట్టుకో. అందరూ ఎడమ నుంచి కుడికి అతుక్కుంటూ పోతే ఆయన కుడి నుంచి ఎడమకి వచ్చేవాడు, ఆఖర్న చిన్న కొక్కెంలాగా మెలి తిప్పి ఆపేవాడు. చెయ్యి తీసేముందు కొందరు సంతకం కింద గీత గీస్తారు చూడు, అలాగ. మేమిద్దరం ఒకే షెడ్డులో పనిచేసేవాళ్ళం. ఆయన రేకు, నేను సీట్లూ కార్పెట్లూ. నన్ను ఆ పనిలో పెట్టిందీ ఆయనే. అక్కని చేసుకున్న వారానికి మా ఇంటికొచ్చి మా అమ్మతో, 'మీవాడు గాలికి తిరుగుతున్నాడు, రేపట్నించి నాతో పంపండి' అన్నాడు. అంతే, ఆ మర్నాటి నించి సూదీ దారం.

ఆ షెడ్డుకి వచ్చేవన్నీ గుద్దుకున్న బళ్ళే. మొహం పోయినవి, తోక పోయినవి. అందులో అప్పుడప్పుడు ఒక తమాషా జరిగేది. తమాషా ఏంటిలే, పాపం అనాలి. ముందు భాగం నుజ్జయిన కారు ఒకటి, వెనక భాగం నుజ్జయిన కారు ఒకటి, రెండూ ఒకే రకంవి, ఖరీదైనవి, షెడ్డాయన ఎక్కణ్ణించో పట్టుకొచ్చేవాడు. రెంటినీ నడుమ కోసి, దీని మంచి సగం దాని మంచి సగం కలిపి ఒక కారు చెయ్యాలి. అలాంటి పని అందరికీ రాదు. మా బావకి వచ్చు. షెడ్డాయన బొంగురు గొంతుతో, 'మేస్త్రీ, ఇవి రోడ్డెక్కేవి కావయ్యా, పెద్ద పెద్ద దుకాణాల్లో అద్దాల గదిలో నిలబెట్టుకుంటారట, చూపుడు బళ్ళు' అనేవాడు. చూపుడు బండికి సీటు కింద గట్టి కుట్టెందుకు, కొత్త బ్రేకులెందుకు అని మేం అడగలేదు. నమ్మారా అంటే ఏం చెప్పను? నమ్మితే చేతిలో పని ఆగదు కదా, అందుకని నమ్మాం. అలాంటివి ఐదు చేశాం. ఐదే, నాకు బాగా గుర్తు. ఆయన నేల రేకు మీద అతికేవాడు, నేను దానిమీద కార్పెట్ పరిచి కుట్టేసేవాణ్ణి. ప్రతి దాని దగ్గరా బావ చేతులు తుడుచుకుంటూ నిలబడి, 'కంపెనీ వాడు కూడా కనిపెట్టలేడురా' అని ఎంత మురిసిపోయేవాడో! నేనూ మురిసేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది కానీ, అప్పుడు పనితనం తప్ప ఇంకేం కనపడలేదు.

సరే, షెడ్డు మూతపడింది, ఆయన ఇంటి ముందరే గేట్లూ కిటికీ ఊచలూ చేసుకుంటూ ఆరేళ్ళు గడిపాడు. యాభై ఒకటో ఏట ఒకరోజు పొద్దున్నే వచ్చి, సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా గోడకానించి, 'ఒరేయ్, కారు కొంటున్నాను' అన్నాడు. ఏదో పాత డొక్కు కొంటాడనుకున్నా. ఏ కారో చెప్పేసరికి నా నోట్లో సగం నమిలిన ముద్ద అలాగే ఉండిపోయింది. నేలకి జానెడెత్తున పరిగెత్తే బండి! డాక్టర్లూ కాంట్రాక్టర్లూ కొనుక్కునేది! 'నీకు డ్రైవింగే రాదు కదా బావా' అన్నాను. 'నాకెందుకు, అమ్మాయికొచ్చు' అన్నాడు. మీ అమ్మకి అప్పుడే పెద్దాసుపత్రిలో, రక్తాలు పరీక్ష చేసే చోట ఉద్యోగం వచ్చింది, ఇక్కడికి గంటంబావు దూరం, రోజూ బస్సులో నిలబడి వెళ్ళొచ్చేది. అది పైకి చెప్పే మాట. అసలు మాట ఇంకోటి. బండి చూడటానికి వెళ్ళే దారిలో నెమ్మదిగా అన్నాడు, 'ముప్ఫయ్యేళ్ళు అన్నీ చచ్చిన బళ్ళే ముట్టుకున్నాను. ఒక్క బతికున్న బండి నాదై ఉండాలిరా.' 

బ్రోకరు ఒకడు, తెల్ల చొక్కా, తెల్ల బూట్లు. ఖాళీ స్థలంలో ఇరవై ముప్ఫై పాత కార్లు పెట్టుకుని అమ్మేవాడు. ఆ నీలం బండి మధ్యలో నిగనిగలాడుతోంది. బావ తిన్నగా దగ్గరకెళ్ళి, జేబులోంచి నాణెం తీశాడు. ఎలా చూసేవాడంటే, కళ్ళు మూసుకుని, బండి ఒళ్ళంతా నాణెంతో టంగు టంగు మని కొట్టుకుంటూ వెళ్ళేవాడు. ఒట్టి ఇనుమైతే ఖంగుమంటుంది, లోపల లప్పం ఉంటే పుచ్చకాయ మీద కొట్టినట్టు డబ్బుమంటుంది. రెండు గంటలు కొట్టాడు! చుట్టూ జనం. బ్రోకరు విసిగిపోయి, 'పెద్దాయనా, కారు కొంటావా, వాయిద్యం నేర్చుకుంటావా?' అన్నాడు. మా బావ కళ్ళు తెరవలేదు. తలుపులు, స్తంభాలు, గుమ్మాల కింది రేకు, పైకప్పు, అన్నీ. అన్నీ ఖంగుమన్నాయి. అప్పుడు కళ్ళు తెరిచి, చిన్నపిల్లాడిలా నవ్వి, 'ఎక్కడా అతుకు లేదురా! కన్నెబండి!' అన్నాడు. తర్వాత నాతో, 'బయట నా చెయ్యి అయింది. లోపల నీ కన్ను. సీట్లవీ చూసి చెప్పు' అన్నాడు. ఊఁ... నేను వెనక తలుపు తీసి లోపలికి దూరాను. చూశాను. చూసి బయటికొచ్చి, బాగుంది బావా అన్నాను. ఆ మంచినీళ్ళ చెంబు ఇటు అందించు. వయసు మీద పడ్డాక నాలుక ఊరికే ఎండిపోతుంది.

ఇక బండి మా వీధిలోకొచ్చిన రోజు చూడాలి! జనం ముక్కున వేలేసుకున్నారు. మీ అమ్మ నడుపుతోంది, బావ పక్కన ఒళ్ళో తువ్వాలు పెట్టుకుని బిగుసుకుపోయి కూర్చున్నాడు. ఎదురింటి దర్జీ మిషను ఆపి గుమ్మంలోకొచ్చి అలాగే నిలబడిపోయాడు. క్షౌరశాల ఆయన సగం గెడ్డం గీసిన మనిషిని వదిలేసి వచ్చాడు, ఆ మనిషి కూడా సబ్బు మొహంతో వచ్చాడు. మా అక్క, మీ అమ్మమ్మ, తలుపు తీసి లోపలికి తొంగిచూసి, 'ఇదేం కారయ్యా, కూర్చోవాలంటే పడుకోవాలి! గేట్లు చేసుకునేవాడికి ఇదేం పోయేకాలం?' అంది. 'నాలుగు తలుపులున్నాయి కదే, సంసారపక్షం బండే' అంటాడు ఈయన. 'నాలుగు తలుపులు బీరువాకీ ఉంటాయి' అంటుంది ఆవిడ. వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు సాయంత్రం షికారుకి వెళ్ళొచ్చి, దిగి, ఏమీ ఎరగనట్టు, 'సీటు మెత్తగానే ఉంది' అంది. మా బావ మొహం చూడాలి అప్పుడు. ప్రతి ఆదివారం తుడిచేవాడు, పసిపిల్లకి ఒళ్ళు తుడిచినట్టు వేళ్ళ సందులు కూడా వదలకుండా. మీ అమ్మ కూడా తక్కువేం కాదు. ఇప్పుడు స్కూటరు మీద ఎడ్లబండి కంటే నెమ్మదిగా వెళ్తుందని మీరంతా ఏడిపిస్తారు చూడు, అప్పుడు ఆ పెద్దరోడ్డు మీద గాలికి రెక్కలు కట్టినట్టు పోయేదట. ఆసుపత్రి నించి గంటంబావు దారి నలభై నిమిషాల్లో వచ్చేసేది. 

నాలుగు నెలలు. నాలుగు నెలలు నిక్షేపంలా తిరిగింది. ఒకరోజు పొద్దున్న మీ అమ్మ డ్యూటీకి బయల్దేరుతూ, 'నాన్నా, వెనక ఎడమ తలుపు పడట్లేదు, నిన్న బండి గుంటలో పడింది, అప్పట్నించీ' అంది. ఆ ఏముంది, కడ్డీ వంగుంటుంది అనుకుని, నువ్వు బస్సులో వెళ్ళిపోమ్మా అని పంపించి, సుత్తీ అదీ తెచ్చుకుని కూర్చున్నాడు. తలుపు వంకరపోలేదు. తలుపు చుట్టూ ఉన్న చట్రం వంకరపోయింది. గుమ్మం కింద రంగు మీద వెంట్రుకంత గీత. గోటితో గీకాడట. గీత లోపలికి పోయింది. అప్పుడు వెనక సీటు ఊడదీసి, కార్పెట్ కోసి, పైకి లాగాడు. 

మా అక్క కబురుపెడితే వెళ్ళాను. నాలుగు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. బావ లోపల నేల రేకు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ఎండ నెత్తి మీదకొచ్చింది, అయినా కదలడు. పిలిస్తే పలకడు. పక్షవాతమేమో అని మా అక్క ఏడుస్తోంది. నేను వంగి చూశాను. నేల రేకు మీద ఇటు అంచు నించి అటు అంచుదాకా అతుకు. నున్నగా, అందంగా, కుడి నించి ఎడమకి. ఆఖర్న కొక్కెం. ఒక పక్క మాత్రం జానెడు మేర విచ్చుకుని, కింద మట్టి కనపడుతోంది. 

అర్థమైందా తల్లీ? ఆయన చేసిన ఐదు బళ్ళలో అదొకటి! షెడ్డులో ఆయన చూసినప్పుడు రంగూ లేదు, తలుపులూ లేవు, ఒట్టి రెండు రేకు డొల్లలు. అందుకే ఆనవాలు పట్టలేకపోయాడు. రెండు గంటలు నాణెంతో కొట్టాడే, తన పనితనాన్ని తనే కనిపెట్టలేకపోయాడు. వేరే ఎవడు అతికినా క్షణంలో పట్టుకునేవాడు! లప్పం పెట్టే చచ్చు మేస్త్రి చేసుంటే బతికిపోయేవాళ్ళం. ముప్ఫయ్యేళ్ళ నించీ నాకు ఈ మాట తలుచుకున్నప్పుడల్లా అదే మొదటిసారి విన్నట్టుంటుంది.

సాయంత్రం మీ అమ్మ బస్సు దిగొచ్చింది. ఆయన ఒకటే అడిగాడు, 'ఎంత స్పీడు వెళ్ళేదానివమ్మా?' మీ అమ్మ తిడతాడేమో అని నసిగింది. 'నిజం చెప్పు.' 'నూట అరవై నాన్నా... ఒక్కోసారి ఇంకొంచెం.' ఆయన తల ఊపాడు. అరుగు దాకా వెళ్ళి, గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే గ్యాసు కట్టరు వెలిగించి, వీధి వీధంతా చూస్తుండగా, ఎక్కడ అతికాడో సరిగ్గా అక్కడే ఆ కారుని రెండు ముక్కలు కోసేశాడు. బ్రోకరు పరిగెత్తుకొచ్చాడు, 'నీకేమైనా పిచ్చా, చిన్న పని, మళ్ళీ అతికి ఇంకొకడికి అమ్ముకో, నీ అతుకు ఎవడు కనిపెడతాడు!' అన్నాడు. బావ కళ్ళద్దాలు పైకెత్తి, 'అదేనయ్యా, ఎవడూ కనిపెట్టలేడు' అన్నాడు. అంతే. రెండు సగాలూ పడిపోయి మధ్యలోంచి ఎదురింటి దర్జీ కనపడ్డాడు, నోరు తెరుచుకుని. వీధిలో ఒకరిద్దరు, ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారు అని గొణిగారు. వినపడింది ఆయనకి. వినపడనివ్వు అన్నట్టు కోస్తూనే ఉన్నాడు.

తర్వాత మిగిలిన నాలుగింటి కోసం బయల్దేరాడు. సైకిలు మీద, బస్సుల మీద. షెడ్డాయన్ని పట్టుకుని, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి. మొదటివాడు, బండి రంగు పోతుందని గేటు దగ్గరే ఆపేశాడట, మూడురోజులు తిరిగితే గాని కార్పెట్ ఎత్తి చూడనివ్వలేదు. చూశాక ఈయన చేతులు పట్టుకున్నాడు. రెండోవాడు చెంప మీద కొట్టాడు. కొట్టించుకుని, 'బండి మాత్రం ఎక్కకండి బాబూ' అని చెప్పి వచ్చాడు. మూడో ఇంటికి నేనూ వెళ్ళాను. ఒకావిడ తలుపు తీసింది. మా వయసుదే. వెనక గోడకి దండ వేసిన ఫొటో. ఫలానా కారు అనగానే, 'అదా? మలుపులో గోడకి తగిలింది. పెద్ద దెబ్బేం కాదన్నారు అందరూ. మరి రెండు ముక్కలెందుకైందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేకపోయారు' అంది. ఆవిడ మాకు అరుగు మీద కూర్చోడానికి కుర్చీలు వేసింది. బావ కూర్చోలేదు. నిలబడే, 'నేను చెప్తానమ్మా' అన్నాడు. చెప్పాడు, అంతా. ఆవిడ తలుపు వేసుకుంది, అంతే, చాలా నెమ్మదిగా, గొళ్ళెం చప్పుడు కూడా కాకుండా. నాలుగోది దొరకలేదు. ఏడాదిన్నర తిరిగాడు. ఆ తిరగడంలోనే ఒంట్లో బాగోలేక పడుకున్నాడు, మళ్ళీ లేవలేదు. ఆఖర్లో గేటు కూడా అతకలేదు, చేతిలో కట్టరు తప్ప ఇంకేం పట్టలేదు. మీ అమ్మ ఆ తర్వాత నాలుగు చక్రాల బండి స్టీరింగు ముట్టుకోలేదు. అందుకూ, నీ ఫోన్లో ఫొటో చూసి లేచి వెళ్ళిపోయింది.

ఇంకేముంది, అయిపోయింది... లేదులే. ఉంది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. మీ అమ్మకి చెప్తావో మానేస్తావో నీ ఇష్టం. ఆ రోజు బ్రోకరు దగ్గర, లోపల నీ కన్ను అన్నాడు చూడు. నేను వెనక సీటు అంచు ఎత్తాను. కార్పెట్ అడుగున కుట్టు కనపడింది. మైనం పట్టించిన ఆకుపచ్చ దారం. మూడు ముడులు వేసి, కొస లోపలికి దోపి. అలా కుట్టేది ఆ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. నా కుట్టే అది! నా కుట్టు ఉందంటే దాని కింద ఏముందో నాకు తెలియదా? బయటికి తలపెట్టి చూశాను. ఆయన బండి పైకప్పు మీద అరచెయ్యి పెట్టుకుని, దాన్ని నిమురుతూ, కన్నెబండి కన్నెబండి అంటున్నాడు. ఏమని చెప్పను? ఆయన మొహం చూసి చెప్పలేకపోయాననుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. అదీ అబద్ధమే. ఇది ప్రమాదం బావా అంటే, మిగతా నాలుగూ ప్రమాదమే అని ఒప్పుకోవాలి కదా. మనం చేసింది గట్టిదే, ఏం కాదులే అని సర్దిచెప్పుకుని, బాగుంది బావా అన్నాను. ఆ నాలుగు నెలలూ ప్రతి సాయంత్రం మీ అమ్మ కారు చప్పుడు వీధి మలుపులో వినపడేదాకా నేను సూదిలో దారం ఎక్కించలేకపోయేవాణ్ణి. మా మేనకోడలమ్మా అది, నా చేతుల్లో పెరిగిన పిల్ల. అయినా నోరు విప్పలేదు.

ఆయనకి తెలుసు. తెలియకుండా ఎలా ఉంటుంది? ఆ అతుకు చూడాలంటే ముందు నా కుట్టు కొయ్యాలి. ఆ రోజు నేను వెళ్ళేసరికి ఆయన పక్కనే, నేల రేకు మీద, కోసిన ఆకుపచ్చ దారం ముక్కలు చిన్న కుప్పగా పెట్టి ఉన్నాయి. ఆయన నా మొహం చూశాడు. దారం కేసి చూశాడు. ఒక్క మాట అడగలేదు. ఆ తర్వాత మూడో ఇంటికి ఒకే బస్సులో పక్కపక్కన కూర్చుని వెళ్ళాం, అక్కడ 'నేను అతికాను' అన్నాడు గానీ 'మేము' అనలేదు. ఆఖరి రోజు మంచం పక్కన కూర్చుంటే, సీట్ల పని బాగా సాగుతోందా అని అడిగాడు. అదీ ఆయన అడిగింది. కొట్టుంటే బాగుండేది తల్లీ. రెండోవాడు ఆయన్ని కొట్టినట్టు, నన్ను ఒక్క దెబ్బ...

ఎన్నింటికి రమ్మన్నారు రేపు బండి చూడటానికి? తొమ్మిదా. నేనూ వస్తాను. మోకాళ్ళకేం, మెల్లిగా దూరతాను. అదిగో, ఆ మేకుకి వేలాడే సంచి ఇటు ఇయ్యి, కత్తెర అందులోనే ఉండాలి.